కార్డియోలిపినా, లూపస్ యాంటీకోయాగ్యులెంటా?

చిన్న వయసులోనే కాలి సిరలో రక్తం గడ్డకట్టినా, గర్భం పదేపదే పోయినా, రక్తం గడ్డకట్టే ముప్పు పెంచే యాంటీబాడీలు (ఒంట్లో తయారయ్యే ప్రోటీన్లు) ఉన్నాయేమో చూడటానికి కార్డియోలిపిన్, లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అనే ఈ రెండు రక్తపరీక్షలూ రాస్తుంటారు. కార్డియోలిపిన్ పరీక్ష తేలిక. ఆ యాంటీబాడీలను నేరుగా కొలుస్తారు కాబట్టి రక్తం పలచబడే మందులు వాడుతున్నా పెద్దగా ఇబ్బంది లేదు. చిత్తూరులో రక్తమిచ్చి, శాంపిల్ తిరుపతికి పంపినా సరిపోతుంది.

లూపస్ యాంటీకోయాగ్యులెంట్‌దే అసలు పేచీ. రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూస్తారు. అందులో ఒక పద్ధతికి వాడేది మన చేలల్లో తిరిగే రక్తపింజరి విషమే! రక్తం గడ్డకట్టకుండా సిట్రేట్ కలిపిన ట్యూబును గీత దాకా నింపాలి, ప్లాస్మాను (రక్తంలోని ద్రవభాగాన్ని) త్వరగా వేరుచేయాలి. రక్తం పలచబడే మందులైన హెపారిన్, వార్ఫరిన్ ఫలితాన్ని తారుమారు చేయగలవు. అలాగని మందు సొంతంగా ఆపకండి. రక్తపు గడ్డల ముప్పును గట్టిగా పట్టిచ్చేది మాత్రం ఇదే. అందుకే దీనికి తిరుపతి ల్యాబుకే వెళ్లి రక్తమివ్వడం మేలంటాను.

ఏది పాజిటివ్ వచ్చినా కనీసం 12 వారాలాగి మళ్లీ చేయించాలి.