గానుగ పల్లీ నూనె మేలా, రిఫైన్డ్ మేలా?

రుచి, వాసన సంగతైతే నా ఓటు గానుగకే, అందులో వాదన లేదు. కానీ అఫ్లటాక్సిన్‌ని లెక్కలోకి తీసుకుంటే తీర్పు అంత సులువు కాదు.

ఇది ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు వదిలే విషం. కాయ ముదిరే టైంలో బెట్ట తగిలినా, పీకిన కాయలు సరిగ్గా ఆరకముందే బస్తాల్లో కుక్కినా పట్టేస్తుంది, అనంతపురం మెట్ట చేలల్లో బెట్ట ఎంత మామూలో చెప్పక్కర్లేదు. విచిత్రమేంటంటే ఇది నేరుగా డీఎన్ఏ జోలికి పోదు. వదిలించుకుందామని మన కాలేయమే దాన్ని మార్చబోయి ఎపాక్సైడ్‌ అనే చురుకైన రూపంగా చేస్తుంది, అదెళ్లి డీఎన్ఏలోని అక్షరాల్లో ఒకటైన గ్వానిన్‌కి (జి) అతుక్కుంటుంది. కణం దాన్ని మరమ్మతు చేసుకోకుండానే రెండైతే జి ఉండాల్సిన చోట టి అనే వేరే అక్షరం వచ్చి కూర్చుంటుంది. కణాలు అదుపు తప్పకుండా చూసే పి53 జన్యువులో, 249వ స్థానంలో సరిగ్గా ఇదే మార్పు చైనా, ఆఫ్రికా కాలేయ క్యాన్సర్లలో కనిపించింది. హెపటైటిస్ బి కూడా ఉంటే ముప్పు ఎన్నో రెట్లు.

ఇక నూనెలు. రిఫైనరీలో క్షారంతో కడిగి, బ్లీచింగ్ మట్టితో వడకడతారు కాబట్టి ఈ విషం దాదాపు పోతుంది. గానుగలో ఆ పనులుండవు; ఎక్కువ భాగం నూనె పిండగా మిగిలిన చెక్కలోనే ఉండిపోయినా కొంత నూనెలోకి దిగుతుంది. పోపులో మాడిపోతుందిలే అనుకోవద్దు, 230 డిగ్రీలు దాటితే గానీ అది విరగదు.

అలాగని రిఫైన్డ్‌కి క్లీన్ చిట్ ఇవ్వను. వాసన తీయడానికి 200 డిగ్రీలకు పైగా కాచినప్పుడు గ్లైసిడిల్ ఎస్టర్లు అనే రసాయనాలు పుడతాయి, ఒంట్లో గ్లైసిడాల్‌ అవుతాయి, అదీ డీఎన్ఏని దెబ్బతీసేదే. కాకపోతే ఈ బెడద పామాయిల్‌కి ఎక్కువ.

నన్నడిగితే, గింజలు మీరే కొని, ఏరి, కళ్లెదుట ఆడించుకున్న గానుగ నూనె అన్నిటికన్నా మేలు. అది కుదరకపోతే రిఫైన్డే నయం. ఏ గింజ ఆడించారో తెలియని గానుగ నూనె, సీసా మీద ఎంత అందమైన ఎద్దు బొమ్మున్నా, నాకు మూడోదే. ఏరడం చాదస్తం కాదు, ఈ విషం బస్తా అంతా సమంగా ఉండదు, కొద్ది గింజల్లోనే పోగుపడి ఉంటుంది. చేటలో పోసి ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు మరకలున్నవి తీసేస్తే చాలా మటుకు పోయినట్టే.

తీసేసినవి మాత్రం గేదెకు పెట్టకండి, అదే విషం గేదె ఒంట్లో మారి అఫ్లటాక్సిన్ ఎం1 అనే రూపంలో పాలల్లోకి వస్తుంది.