నాలుగు వేల ఏళ్ల చెట్ల దగ్గర నాన్నతో ఒక పూట

బ్రిసిల్‌కోన్ పైన్ అనే ఆ పాత చెట్లను చూడ్డానికి వెళ్తూ, కాలిఫోర్నియాలోని బిషప్‌లో మేం దిగిన మోటెల్ పేరు రాయను గానీ, అక్కడ జరిగింది మాత్రం చెప్పాలి. ఆన్‌లైన్‌లో 149 డాలర్లు అని చూపించి, కౌంటర్ దగ్గర ఇంకో 28 వసూలు చేశారు. హీటర్ రాత్రంతా మోగిందే తప్ప గది వెచ్చబడలేదు. నాన్న రెండు స్వెటర్లు వేసుకుని కూర్చునే తెల్లవార్చారు. పొద్దున ఆ 28 కోసం మావారు వాదిస్తుంటే పదిన్నర దాటింది. డబ్బు రాలేదు సరే, పోయిన ఆ మూడు గంటలకే నాకు ఇంకా మండుతోంది.

బిగ్ పైన్ నుంచి 168వ నంబర్ రోడ్డెక్కి, వైట్ మౌంటెన్ రోడ్డులోకి మళ్లితే ఆ చెట్లున్న షుల్మన్ గ్రోవ్ అనే తోపు దాకా తారు రోడ్డే. ఎత్తు దాదాపు 10,000 అడుగులు. పెట్రోల్, నీళ్లు కిందే చూసుకోండి.

నాన్న అనంతపురంలో నలభై ఏళ్లు వేరుశనగ వేసిన మనిషి. దిగగానే ఒక తెల్లరాయి తీసి నలిపి చూశారు. "సున్నపురాయిలా ఉందే, ఇందులో ఏం బతుకుతుంది?" అది డోలమైట్, సున్నపురాయికి దగ్గరి రకం. సారం లేని నేల. పక్కనే గోధుమరంగు ఇసుకరాతి వాలు మీద సేజ్‌బ్రష్ పొదలు దట్టంగా ఉన్నాయి, ఈ తెల్ల వాలు మీద పలచగా బ్రిసిల్‌కోన్ పైన్లే. తెల్లరాయి ఎండను తిప్పికొడుతుంది కాబట్టి ఆ కాస్త తేమ నిలుస్తుంది. నీళ్లకు పోటీ పడే పొదలు తక్కువ. చెట్టుకీ చెట్టుకీ మధ్య ఖాళీ నేల ఉండడంతో మంట కూడా సులువుగా పాకదు. పెరుగుదల ఎంత నిదానమంటే కలప గట్టిపడి, బంకతో నిండి, పురుగునీ బూజునీ రానివ్వదు.

ఒక చెట్టు దగ్గర చాలాసేపు నిలబడ్డాం. మాను అంతా బెరడు ఊడి, గాలికి అరిగి, ఎముకలా నున్నగా ఉంది. ఒక పక్క మాత్రం జానెడు వెడల్పు బెరడు పట్టీ, దాని చివర ఒకే ఒక పచ్చని కొమ్మ. దీని ఆకులు ముప్పై ఏళ్లకు పైగా రాలవట. "అంటే నువ్వు బడికెళ్లే రోజుల్లో వేసిన ఆకులు ఇంకా ఉన్నాయన్నమాట" అన్నారు నాన్న, కొమ్మను ముట్టుకోకుండా దగ్గరగా వంగి చూస్తూ.

1957లో షుల్మన్ అనే పరిశోధకుడు మానులోని వలయాలు లెక్కపెట్టిన మెతూసెలా అనే చెట్టు వయసు ఇప్పుడు 4,800 ఏళ్ల పైమాటే. ఎవరూ పాడుచేయకూడదని అది ఏ చెట్టో బోర్డు పెట్టలేదు, మంచి పని చేశారు. అది ఉన్న నాలుగున్నర మైళ్ల బాట నాన్నకు కష్టం. మైలు పొడవున్న డిస్కవరీ ట్రైల్‌కే ఆయాసపడుతూ, ఆగుతూ గంటన్నర పట్టింది. పెద్దవాళ్లతో వెళ్తే అదే చాలు.

ఇంకో 12 మైళ్లు మట్టిరోడ్డులో వెళ్తే ఇవే చెట్ల ఇంకో తోపు, పేట్రియార్క్ గ్రోవ్. పొద్దు వాలడంతో వెళ్లలేకపోయాం. మళ్లీ వచ్చినప్పుడు దారిలోనే ఉన్న గ్రాండ్‌వ్యూ క్యాంప్‌గ్రౌండ్‌లో ఉందామంటే, చలి కదా అని మావారు నసిగారు. "ఆ గదికన్నా టెంటే నయం" అన్నారు నాన్న. ఆయన తిరుగు టికెట్ అక్టోబర్ 20కి. ఈలోపు ఇంకో శనివారం చూస్తున్నాం.