పాత పికప్ వెనక యాక్సిల్: క్రౌన్, పినియన్ మార్చాలా, హౌసింగ్‌తో సహా దింపాలా?

మాది మహీంద్రా జీపు మీద కట్టిన పాత డీజిల్ పికప్. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది. అంబాజీపేటకి కొబ్బరికాయలు తోలుతుంది, లంక పొలాల్లోకి ఎరువు బస్తాలు మోస్తుంది, అప్పుడప్పుడు రావులపాలెం దగ్గర హైవే ఎక్కుతుంది. దాని బండారం బయటపడేది అక్కడే. యాభై దాటితే ముందు నుంచి ఇంజన్ గోల, వెనక నుంచి క్రౌన్ ఏడుపు. యాక్సిల్ గుండులో షాఫ్ట్ తిప్పే చిన్న పళ్ల చక్రం పినియన్, అది తిప్పే పెద్ద చక్రం క్రౌన్. కవర్ విప్పి చూస్తే పినియన్ పళ్ల మీద పెచ్చులు లేచి ఉన్నాయి.

మార్చక తప్పదు. ఏం మార్చాలన్న దగ్గర మాత్రం ముగ్గురు మూడు మాటలు చెప్పారు. ఒకాయన ఉన్న రేషియోలోనే (క్రౌన్ ఒక చుట్టుకి పినియన్ తిరిగే చుట్లు) కొత్త జత వేయించుకోమన్నారు. ఇంకొకాయన హౌసింగ్ (యాక్సిల్ బయటి ఇనుప గుల్ల) అలాగే ఉంచి లోపల రేషియో మార్చమన్నారు. మూడో ఆయన, విజయవాడ ఆటోనగర్ నుంచి స్క్రాప్ యాక్సిల్ మొత్తంగా తెచ్చి బిగించేస్తే రెండు రోజుల పని అన్నారు.

ముందు మీ బండి రేషియో ఎంతో చూసుకోండి. ఒక వెనక చక్రాన్ని జాకీ మీద లేపి, రెండోది నేల మీదే ఉంచి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. రెండో చక్రం ఆగి ఉంది కనక ఈ రెండు చుట్లకి క్రౌన్ తిరిగేది ఒక్క చుట్టే. ఆలోపు ప్రొపెల్లర్ షాఫ్ట్ (పినియన్‌ని తిప్పే పొడుగు షాఫ్ట్) ఎన్ని చుట్లు తిరిగితే అదే రేషియో. మాది ఐదు చుట్లు దాటి ఇంకో మూడో వంతు దాకా తిరిగింది. కవర్ విప్పాక పళ్లు లెక్కపెడితే క్రౌన్‌కి 43, పినియన్‌కి 8. అంటే 5.38.

ఈ పని ఏటిగట్టు వాలులో మాత్రం చెయ్యకండి. ఈ పాత జీపుల హ్యాండ్‌బ్రేక్ చక్రాల మీద ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు (లాగుడుని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే గేర్ల పెట్టె) వెనకున్న డ్రమ్ము మీద ఉంటుంది. ఒక వెనక చక్రం గాల్లోకి లేచిందంటే, హ్యాండ్‌బ్రేక్ ఎంత గట్టిగా లాగి ఉన్నా ఆ చక్రం వెనక్కి తిరుగుతుంది, బండి ముందుకి దొర్లుతుంది. నేల మీదున్న చక్రాలకి రెండు వైపులా రాళ్లు పెట్టాకే జాకీ ముట్టుకోవాలి.

ఇప్పుడు లెక్క. టైరు మీద సుద్దతో గీత పెట్టి ఒక చుట్టు దొర్లించి కొలిస్తే మా బండి 2.2 మీటర్లు వెళ్లింది. టాప్ గేరులో గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు 5.38తో ఇంజన్ నిమిషానికి 2,445 చుట్లు తిరుగుతుంది. అదే 4.88 అయితే 2,218, 4.27 అయితే 1,941, 3.73 అయితే 1,695. చదవడానికి చివరి అంకె ఎంత బాగుందో! కానీ చక్రం దగ్గర లాగుడు కూడా అదే పాళ్లలో పడిపోతుంది. 4.88తో నూటికి 9 వంతులు పోతుంది, 4.27తో 21, 3.73తో 31. గోదావరి డెల్టాలో కొండల్లేవు కదా, లాగుడెందుకు అంటారు కొందరు. నిజమే, ధవళేశ్వరం దిగాక సముద్రం దాకా నేల బల్లపరుపే. కానీ చేలోంచి గట్టెక్కే చోట బండి పొడవంతే ఉండే నిట్టనిలువు ఎత్తు ఉంటుంది చూశారూ, లోడుతో, బురద చక్రాలతో దాన్ని ఎక్కాలి. అక్కడ 3.73 వేసిన బండి క్లచ్ కాల్చుకుంటుంది.

అందుకే 3.73ని నేను మొదటే పక్కన పెట్టాను. దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ వెనక యాక్సిల్ డానా కంపెనీ వారి 44 డిజైన్. అందులో 3.92, అంతకు పైనున్న రేషియోలకి ఒక డిఫరెన్షియల్ కేసు (క్రౌన్ బిగించే లోపలి డబ్బా), 3.73, దానికి కిందవాటికి వేరే కేసు. 5.38 నుంచి 4.88కో, 4.27కో దిగితే ఉన్న కేసుకే కొత్త క్రౌన్ బిగుస్తుంది. 3.73 కావాలంటే కేసు కూడా కొనాలి. షోకు కోసం ఆదివారాలు ఖాళీగా తిప్పే జీపైతే అది వేరే సంగతి.

స్క్రాప్ యాక్సిల్ మొత్తంగా వెయ్యడం అన్నిటికంటే సులువని అనిపిస్తుంది. యూ బోల్టులు విప్పి పాతది దింపడం, కొత్తది ఎక్కించడం. మా లాంటి బండి నుంచే వచ్చిన అదే మోడల్ యాక్సిల్ దొరికితే నిజంగా సులువే. వేరే బండిదైతే అసలు పని అప్పుడే మొదలవుతుంది. పాత జీపులో డిఫరెన్షియల్ గుండు నట్టనడుమ ఉండదు, ఒక పక్కకి జరిగి ఉంటుంది, ఎందుకంటే ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి షాఫ్ట్ ఆ పక్కనుంచే వస్తుంది. మధ్యలో గుండు ఉన్న యాక్సిల్ తెచ్చి పెడితే షాఫ్ట్ ఏటవాలుగా నడిచి క్రాసులు (షాఫ్ట్ చివర మడత కీళ్లు) త్వరగా పోతాయి. కమాన్ల కింద పీటలు కోసి కొత్త కొలతలో వెల్డింగ్ చెయ్యాలి. ఆ వెల్డింగ్‌లో పినియన్ మూతి కొంచెం పైకో కిందికో తిరిగిందా, వేగం మీద బండి మొత్తం వణుకుతుంది. షాఫ్ట్ పొడవు మారితే లేతు పని, బ్యాలెన్సింగ్. బ్రేకు పైపులు కలవవు, చక్రం బోల్టుల కొలత కలవదు, వెనక టైర్లు ముందు టైర్ల గీతలో నడవవు. రెండు రోజులన్న మాట రెండు వారాలవుతుంది. పైగా యాక్సిల్ లావుగా ఉందని ఎక్కువ లోడు వేసే వీలేమీ రాదు, ఆర్‌సీలో ఉన్న బరువు ఉన్నంతే.

అయినా ఒక్క సందర్భంలో మొత్తం యాక్సిల్‌కే నా ఓటు. హౌసింగే చెడిపోయినప్పుడు. భీమవరం వైపు రొయ్యల చెరువులకి తిరిగే బండ్లు చూడండి, ఉప్పునీళ్లు కారీ కారీ కమాన్ పీటల చుట్టూ ఇనుము పొరలు పొరలుగా లేచిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో గీరితే చిల్లు పడే హౌసింగ్‌లో కొత్త గేర్లు పెట్టడం డబ్బు దండగ. బరువుకి వంగిన హౌసింగ్ కూడా అంతే. అప్పుడైనా అదే మోడల్‌ది, తుప్పు లేనిది వెతకండి, దొరకడానికి నెల పట్టినా సరే.

మా హౌసింగ్ గట్టిగానే ఉంది. అంచేత మిగిలింది 5.38 మళ్లీ వెయ్యడమా, 4.88కి దిగడమా అన్న మీమాంస. రెండిటికీ పని ఒక్కటే, మేస్త్రీ చేతిమీదే అంతా ఆధారపడుతుంది. క్రౌనూ పినియనూ ఒకదానితో ఒకటి కలిపి నూరిన జత. రెండిటి మీదా ఒకే నంబరు చెక్కి ఉంటుంది, అది కలవకపోతే పెట్టె వెనక్కి ఇచ్చెయ్యండి. పినియన్ ఎంత లోపలికి కూర్చోవాలి, క్రౌన్ ఎంత దగ్గరికి రావాలి అన్నది కాగితమంత పల్చని షిమ్‌లతో సరిచేస్తారు. పళ్ల మధ్య వదులు 0.15 నుంచి 0.22 మిల్లీమీటర్ల లోపల ఉండాలి. చేత్తో ఆడించి "సరిపోయిందిలెండి" అనే మేస్త్రీ దగ్గర చేయించకండి. డయల్ గేజీ (వదులుని ముల్లుతో చూపించే కొలత సాధనం) పెట్టాలి, పళ్లకి నీలం పూసి తిప్పి, ముద్ర పంటి మధ్యలో పడిందో లేదో చూడాలి. నాకు మొదటిసారి చేసినాయన పాత షిమ్‌లే తిరిగి పెట్టేశారు. వెయ్యి కిలోమీటర్లకే ఏడుపు మళ్లీ మొదలైంది. రెండోసారి వేరే చోట చేయించాను. ఆ పెద్ద మేస్త్రీ నీలం ముద్ర చూపిస్తూ, "ఆయ్, ఇదిగోండి బాబుగారూ, ముద్ర పంటి చివరికి పోయిందంటే ఎన్ని కొత్త గేర్లు వేసినా ఏడుపు ఆగదండి" అన్నారు. నాలుగుసార్లు విప్పి బిగించారు.

ఎలాగూ విప్పారు కాబట్టి ఇరుసులు (హౌసింగ్ లోపల నుంచి చక్రాలని తిప్పే కడ్డీలు) కూడా చూడండి. పాతవాటిలో హబ్బు ఇరుసు టేపర్ మీద కీతో కూర్చుంటుంది. పుల్లర్ లేకుండా సుత్తితో కొడితే మరలూ బేరింగూ రెండూ పోతాయి. ఆ టేపర్ దగ్గర సన్నని పగులు కనపడితే ఇరుసు మార్చేయండి. బేరింగ్ బయట విరిగిందంటే చక్రం డ్రమ్ముతో సహా ఊడి వెళ్లిపోతుంది. హౌసింగ్ మీదున్న బ్రీదర్‌ని (గాలి ఆడే చిన్న గొట్టం) కూడా శుభ్రం చేయించండి. వేడెక్కిన హౌసింగ్ వరద నీళ్లలోకి దిగి చప్పున చల్లారితే లోపలికి గాలి పీల్చుకుంటుంది. బ్రీదర్ మూసుకుపోయి ఉంటే సీళ్ల పక్కనుంచి నీళ్లే పీల్చుకుంటుంది. ఆయిల్ పాలరంగుకి తిరిగిందంటే జరిగింది అదే. కొత్త జతకి జీఎల్-5 గ్రేడు గేర్ ఆయిలే పొయ్యాలి, మొదటి 500 కిలోమీటర్లు లోడు లేకుండా తిప్పి మార్చేయాలి.

నేను 4.88 వేయించాను. హైవే మీద అరవై ఇప్పుడు హాయిగా ఉంది, గట్టు ఎక్కేటప్పుడు తేడా తెలుస్తోంది గానీ ఇబ్బంది లేదు. స్పీడోమీటర్ కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వస్తుంది కనక అది 50 చూపిస్తే బండి 55లో ఉంటోంది.

ముందు యాక్సిల్ మాత్రం ఇంకా 5.38లోనే ఉంది. ముందూ వెనకా రేషియో కలవకుండా ఫోర్ వీల్ వేస్తే రెండు యాక్సిళ్లూ ఒకదాన్నొకటి గుంజుకుని ఏదో ఒకటి విరుగుతుంది. ఫోర్ వీల్ లేని పికప్ అయితే ఈ తలనొప్పి లేదు, కళ్లు మూసుకుని 4.88 వెయ్యొచ్చు. ఫోర్ వీల్ రోజూ వాడే లంక బండైతే, రెండిటికీ జతలు కొనే స్తోమత లేనప్పుడు, 5.38 మళ్లీ వెయ్యడమే మేలు. నేను మధ్యలో ఉన్నాను. మా తమ్ముడు పొరపాటున లివర్ లాగుతాడేమోనని ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి పశువులపాకలో పెట్టాను. వానలు పడేలోపు ముందు జత కూడా కొనాలి.