నా పేరుతో నా వెబ్‌సైటు: ఏళ్ల తరబడి వాడాక

నా పేరే చిరునామాగా ఒక వెబ్‌సైటు పెట్టుకుని చాలా ఏళ్లయింది. అందులో ఉన్నవన్నీ ఇంకు బొమ్మలు. హైదరాబాద్ పాతబస్తీలో నవాబుల కాలపు భవంతుల, అంటే దేవిడీల తలుపులు, ఇరానీ హోటళ్ల బల్లలు, సుల్తాన్‌బజార్ వరండాలు, మెట్రో పిల్లర్ల మధ్య ఇరుక్కుపోయిన పాత మేడలు. పగలు నాది లెక్కల ఉద్యోగం, బొమ్మలు రాత్రి పని. ఏ కంపెనీ హోస్టింగు బాగుంటుందో చెప్పడానికి ఈ సమీక్ష రాయడం లేదు, అది పది నిమిషాల్లో తేలిపోయే సంగతి. బొమ్మలు వేసేవాడికి తన పేరుతో ఒక చోటు ఉంటే వాడి అహం ఏమవుతుంది, పనికి ఎంత కలిసొస్తుంది, ఎంత అడ్డం పడుతుంది? ఇన్నాళ్లు వాడాక చెప్పాలనిపించింది అదే.

కొత్తలో మా పెద్దనాయన ఫోన్లో సైటు చూసి, "ఏందిరా, నీ పేరు నువ్వే బోర్డు రాయించుకున్నవా?" అన్నాడు.

"దుకాణం పెట్టినోడు బోర్డు పెట్టుకోడా పెద్దనాయనా?"

"దుకాణంల ఏదో ఒకటి అమ్ముతరు. నువ్వు ఈడ ఏమమ్ముతున్నవ్?"

దానికి నా దగ్గర ఇప్పటికీ సగం జవాబే ఉంది.

తన పేరు తాను చాటుకోవడం మన పద్ధతి కాదని ఆయన నమ్మకం. నాకైతే అలా అనిపించదు. వేమన పద్యంలో నాలుగో పాదం వేమనదే. క్షేత్రయ్య తన పేరు పక్కనపెట్టి మువ్వగోపాలుడి పేరు వాడాడు, అయినా ఆ ముద్ర చెవిన పడగానే పదం ఎవరిదో తెలిసిపోతుంది. రామప్ప గుడి సంగతి మరీ తమాషా. పాలంపేటలోని 1213 నాటి శాసనం గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి గురించి చెబుతుంది. జనం మాత్రం శిల్పిదని చెప్పుకునే పేరుతోనే గుడిని పిలుస్తూ వచ్చారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కినప్పుడు కూడా కాకతీయ రుద్రేశ్వరాలయం అని రాసి, పక్కన బ్రాకెట్లో రామప్ప అని చేర్చారు. సొమ్ము పెట్టినవాడిదీ ఉలి పట్టినవాడిదీ ఒకే వరసలో ఉన్నా, బస్సు కండక్టరు నోట వినిపించేది బ్రాకెట్లో పేరే.

హైదరాబాద్‌లో చేత్తో బోర్డులు రాసేవాళ్లు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. ఫ్లెక్సీలు వచ్చాక పని బాగా పడిపోయింది. షట్టర్ మీద దుకాణం పేరు అడుగెత్తున రాసి, కుడివైపు కింది మూలలో ఫలానా ఆర్ట్స్ అని, ఒక ఫోన్ నంబరు వేస్తారు. ఓసారి చిక్కడపల్లి సందులో ఒకాయన రాస్తుంటే నిలబడి చూశాను. దుకాణం పేరుకు సుద్ద తాడు కొట్టి, జానతో కొలిచి, ఒత్తు ఎక్కడ దిగాలో ముందే గుర్తు పెట్టుకుని రాశాడు. తన పేరు దగ్గరికొచ్చేసరికి తాడూ లేదు, కొలతా లేదు. సన్న బ్రష్షుతో ఒక్క ఊపులో రాసేసి, ఆఖరి ఒత్తు తోకను మాత్రం అవసరం కన్నా కాస్త పొడుగ్గా లాగాడు. ఆ తోక దుకాణం యజమాని అడిగింది కాదు, దానికి విడిగా పైసలూ రావు. కళలో అహం ఎంత ఉండొచ్చని అడిగితే నేను ఆ తోక వైపు చూపిస్తాను.

ఇక సైటు సంగతి. దానివల్ల నాకు జరిగిన పెద్ద మేలు, మొదలుపెట్టిన బొమ్మలు పూర్తవడం. స్కెచ్‌బుక్కులో సగం వేసి వదిలేస్తే అడిగేవాడు ఉండడు. పైన నా పేరున్న పేజీలోకి సగం బొమ్మ ఎక్కించడానికి మాత్రం చెయ్యి రాదు. మొజంజాహి మార్కెట్ గడియార స్తంభం వేస్తున్నప్పుడు గ్రానైటు రాళ్ల వరసలు కొంతవరకు గీశాక ఓపిక అయిపోయింది. మిగతాదంతా నీడ కింద నల్లగా కొట్టేస్తే ఫోన్ తెర మీద ఎవరికీ తెలియదు. కానీ నా సైటులో బొమ్మను నొక్కితే పూర్తి సైజులో తెరుచుకుంటుంది, గీత గీతా కనిపిస్తుంది. అలా పెట్టింది నేనే. దాంతో ఇంకో ఆదివారం పొద్దున్నే ఐస్‌క్రీమ్ దుకాణాలు తెరవకముందే వెళ్లి, రాయి రాయీ చూసి గీసుకొచ్చాను. దీన్ని కళ మీద ప్రేమ అనలేను, శుద్ధ పరువు సమస్య. పని మాత్రం జరిగింది. (ఇంకు బొమ్మలు పెట్టేవాళ్లకు ఒక మాట: జేపీఈజీగా కుదిస్తే గీతల చుట్టూ మసి పట్టినట్టు అవుతుంది, పీఎన్‌జీలో ఆ బాధ లేదు.)

చిక్కంతా లెక్కల దగ్గర మొదలవుతుంది. ఎంతమంది వచ్చారో చూపించే మీటరు పెడితే రోజూ పళ్లు తోముకోకముందే అదే చూస్తాం. నా ఉద్యోగమే లెక్కలు కాబట్టి సర్వర్ లాగులు, అంటే సైటుకు ఎవరెవరు వచ్చారో రాసి ఉండే చిట్టా, తెరిచి వరస వరసా చూశాను. అందులో మనుషుల కన్నా సెర్చ్ ఇంజన్లు పంపే బాట్లే, అంటే వాటంతటవే పేజీలు తిరిగే ప్రోగ్రాములే ఎక్కువ. ఒక బాటు నా చార్మినార్ బొమ్మను ఒకే రాత్రి మళ్లీ మళ్లీ చూసిందని ఛాతీ ఉబ్బించుకోవడం ఎంత హాస్యాస్పదమో ఆలోచించండి. మీటరు తీసేశాను. ఈ వాడకంలో నేను తీసుకున్న నిర్ణయాల్లో ఇదే మంచిది.

ఫేస్‌బుక్ లాంటి పాత సైటు ఆర్కుట్ వాడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అక్కడ మనకు అభిమానులుగా చేరొచ్చు, టెస్టిమోనియల్ రాయొచ్చు. నువ్వు నాకు రాయి, నేను నీకు రాస్తానని కాలేజీ క్యాంటీన్లో బేరాలు నడిచేవి. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడింది. అంతకుముందు 2009లో అమెరికాలో, ఎవరి పేజీ వాళ్లు ఉచితంగా పెట్టుకోనిచ్చే జియోసిటీస్‌ను మూసేసినప్పుడు లక్షల సొంత పేజీలకూ అదే గతి పట్టింది. పొగడ్తలు పోతే పోయాయి, ఆ పొగడ్తల కోసం మనం ఏమేం వేశామో అది ఆలోచించాలి. ఒక ఫొటోల యాప్‌లో నేను పెట్టిన రాత్రిపూట చార్మినార్‌కు బోలెడు చప్పట్లు వచ్చాయి. తర్వాత చాలాకాలం చెయ్యి దానంతట అదే చార్మినార్ వైపు వెళ్లేది. సైటులో చప్పట్లకు తావే లేదు. అందుకేనేమో అక్కడికోసమని వేసిన బొమ్మలు వేరేగా వచ్చాయి: డాబాల మీద నల్ల ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకులు. మల్కాజిగిరి ట్యాంకులు, బోరబండ ట్యాంకులు, మూత ఎగిరిపోయి ఇటుక పెట్టినవి, పక్కన డిష్ యాంటెన్నా వాలినవి. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. నేను వేసినవాటిలో నాకు ఇష్టమైనవి అవే.

'నా గురించి' పేజీ దగ్గర జాగ్రత్తగా ఉండాలి. కళాకారుల సైట్లు చూస్తుంటాను. ప్రముఖ చిత్రకారుడు, బహుముఖ ప్రజ్ఞాశాలి, ఆయన కుంచె నుంచి జాలువారిన అంటూ నడుస్తుంది, రాసింది ఆయనే. రవీంద్రభారతిలో శాలువా కప్పించుకోవాలంటే కప్పడానికి కనీసం ఇంకో మనిషి కావాలి. ఇక్కడ మనకు మనమే కప్పుకుని, ఫొటో కూడా మనమే తీసుకోవచ్చు. నా పేజీలో మూడు లైన్లే ఉన్నాయి: ఏ ఊరు, ఏ పెన్ను, మెయిలు ఎక్కడికి పంపాలి.

ఇంకో జబ్బు, బొమ్మలు సాగని నెలల్లో సైటుకు రంగులు మార్చడం. తెలుగులో సైటు పెట్టుకుంటే ఇందుకు సాకులు కూడా ఎక్కువే. ఇంగ్లిష్‌కు సరిపోయే లైను ఎడం మనకు చాలదు, పై లైనులో 'స్త్రీ' కింది ఒత్తులు కింది లైనులో గుడికి తగులుకుంటాయి. ఒత్తులూ గుణింతాల మూలంగా మన ఫాంటు ఫైళ్లు బరువు, సిగ్నల్ సరిగా లేని ఫోన్లో అక్షరాలు ఆలస్యంగా వస్తాయి. ఇవి నిజమైన సమస్యలే. ఒక సాయంత్రం కూర్చుంటే తీరేవి కూడా. వాటి మీద వారాలు గడిచాయంటే మనం బొమ్మ నుంచి తప్పించుకు తిరుగుతున్నట్టే లెక్క. అద్దం తుడుస్తున్నామనే పేరుతో మొహం చూసుకోవడం అది.

ఒంటరితనం సంగతి చెప్పకపోతే సమీక్ష అబద్ధమవుతుంది. నెలలు గడిచినా ఒక్క మెయిలు రాదు. ఒకరోజు కూకట్‌పల్లిలో శానిటరీ దుకాణం నడిపే అతను రాశాడు, ఒక ట్యాంకు బొమ్మ విజిటింగ్ కార్డు మీద వేసుకోవచ్చా అని. డబ్బులు అడగాలా, వద్దా? పెయింటింగు అంటే ఏమనుకున్నాడు ఇతను? గంటసేపు లోపల పెద్ద రభస. చివరికి వేసుకోండి, మూలలో నా పేరు చిన్నగా ఉంటే చాలు అని రాశాను. కార్డు పంపాడు. పేరు ఉంది, చదవాలంటే భూతద్దం కావాలి.

ఖర్చు చూస్తే, డాట్ ఇన్ పేరుకు ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూ. పేజీలు గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగానే ఉంచుకోవచ్చు, మొత్తం సైటు ఒక జీబీ దాటకూడదు. పేరు రెన్యువల్‌ను కార్డుకు వదిలేసి నిశ్చింతగా ఉండకండి. ఆటో డెబిట్ మీద ఆర్‌బీఐ నిబంధనలు 2021 అక్టోబరు నుంచి కఠినమయ్యాయి, అనుమతి నమోదు కాకపోతే డబ్బు కట్ కాదు. గడువు దాటిన పేరును విడిపించుకోవాలంటే అదనంగా వదులుతుంది.

గుర్తింపు త్వరగా కావాలనుకునేవాళ్లకు నేనిది సిఫారసు చేయను, వాళ్లకు యాప్‌లే నయం. మొదలుపెట్టినవి పూర్తికాక బాధపడేవాళ్లకు, ఎవరూ అడగని బొమ్మలు వేయాలని చెయ్యి దురదపెట్టేవాళ్లకు పనికొస్తుంది. పదేళ్లకు ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంటారు, వద్దు. ఒక్క ఏడాదికే తీసుకోండి. ఆ ఏడాదిలో పది బొమ్మలైనా ఎక్కకపోతే రెన్యువల్ మానేయండి. ఆ డబ్బుకు మంచి ఇంకు సీసా వస్తుంది.