సొంతింటికి ఏది మేలు: సోలార్ పలకలు, వాటర్ హీటర్, గోబర్ గ్యాస్, గాలిమరల పరిశీలన

సొంత ఇల్లున్న కుటుంబం ఇవాళ కొనగలిగిన పునరుత్పాదక శక్తి సాధనాల్లో చెప్పుకోదగ్గవి నాలుగు. వాటిలో సోలార్ పలకలు, సోలార్ వాటర్ హీటర్ నంద్యాలలోని మా మిద్దె మీద పనిచేస్తున్నాయి. గోబర్ గ్యాస్ మా పెదనాన్నగారి ఇంట్లో ఏళ్ల తరబడి పొయ్యి వెలిగిస్తోంది. చిన్న గాలిమరను మాత్రం కొందామని విచారించి మానుకున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. నెలకు మూడు వందల యూనిట్లు దాటే పట్టణపు ఇంటికి రెండు కిలోవాట్ల పలకలను మించిన పెట్టుబడి లేదు; పాడి ఉన్న ఇంటికి గోబర్ గ్యాసే మొదటిది.

మన ఎండకు ఒక కిలోవాట్ పలకలు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి. అంటే రెండు కిలోవాట్లకు నెలకు 240 యూనిట్లు. రెండే ఎందుకు, మూడు పెట్టుకోకూడదా అని అమ్మేవాళ్లు తప్పక అడుగుతారు. దీనికి జవాబు కరెంటు బిల్లు స్లాబుల్లోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి అమల్లోకి వచ్చిన గృహ టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు యూనిట్ ధర రూ. 1.90 కాగా, 226వ యూనిట్ నుంచి రూ. 8.75. పలకల నుంచి వచ్చే కరెంటు ముందుగా తీసివేసేది ఈ ఖరీదైన పై యూనిట్లనే. 350 యూనిట్లు వాడే ఇంటిని తీసుకుంటే, మొదటి రెండు కిలోవాట్ల వల్ల నెలకు దాదాపు రూ. 1,760 మిగులుతుంది, మూడో కిలోవాట్ వల్ల అదనంగా మిగిలేది రూ. 350 మాత్రమే. స్థిర ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు ఈ లెక్కలో కలపలేదు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం రాయితీ కూడా ఇదే తీరులో ఉంది: రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ. 30,000, మూడో దానికి రూ. 18,000, ఆపైన ఏమీ లేదు. ఏసీలు పెరిగే ఇల్లయితే మూడు కిలోవాట్ల గురించి ఆలోచించవచ్చు గానీ, మిగిలిన యూనిట్లు కరెంటు పంపిణీ సంస్థకు (డిస్కం) అమ్ముకుని లాభపడదామన్న ఆశతో పెద్దది పెట్టడం నాకు సమంజసంగా తోచదు.

పలకల విషయంలో కొనుగోలుదారులకు ఎవరూ సరిగా చెప్పని సంగతులు రెండున్నాయి. మొదటిది, బ్యాటరీ లేకుండా నేరుగా వీధి కరెంటు లైనుకు కలిపే ఆన్‌గ్రిడ్ పద్ధతిలో వీధిలో కరెంటు పోతే, మిద్దె మీద ఎండ మండిపోతున్నా, ఇంట్లోనూ కరెంటు ఉండదు. లైను మీద పనిచేసే సిబ్బందికి ప్రమాదం జరగకుండా, పలకల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. రెండోది, వేడి పెరిగినకొద్దీ ఉత్పత్తి పెరుగుతుందనుకోవడం సరికాదు. పలక వేడి 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి డిగ్రీకీ సామర్థ్యం సుమారు 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. అందుకే పలకల కింద గాలి ఆడేంత ఎత్తు ఉండాలి. మా ఇంట్లో బిగించడానికి వచ్చిన సంస్థవారు ఇనుము ఖర్చు తగ్గించుకోవడానికి ఫ్రేమును గచ్చుకు ఆనించినట్టుగా దించారు. పైగా చివరి పలకను నీళ్ల ట్యాంకు పక్కనే పెట్టారు. సాయంత్రం నాలుగింటికి ట్యాంకు నీడ ఆ పలక మీద పడుతుంటే ఇన్వర్టర్ తెరపై అంకె ఒక్కసారిగా పడిపోయేది. ఒకే వరుసలో కలిపిన పలకల్లో ఒకదాని మీద నీడ పడినా మిగిలిన వాటి ఉత్పత్తి దెబ్బతింటుంది. పట్టుబట్టి మార్పించుకునేసరికి చాలా ఓర్పు కావలసివచ్చింది. డబ్బు పూర్తిగా చెల్లించకముందే సాయంత్రం వేళ మిద్దెక్కి నీడలు చూసుకోవాలని అందరికీ గట్టిగా చెబుతున్నాను. పలకలు కడగడానికి మాత్రం బోరు నీళ్లు వాడకండి. ఆరాక తెల్లటి పొర మిగిలి, అది దుమ్ముకన్నా మొండిగా అంటుకుంటుంది.

సోలార్ వాటర్ హీటర్‌కు రావలసినంత గౌరవం రాలేదన్నది నా ఫిర్యాదు. వంద లీటర్ల నీటిని 30 డిగ్రీలు వేడి చేయడానికి గీజర్ సుమారు మూడున్నర యూనిట్లు తాగుతుంది. అంటే ఒక కిలోవాట్ పలకలు రోజంతా తయారుచేసే కరెంటు దాదాపు మొత్తం దానికే పోతుందన్నమాట. అదే పనిని సోలార్ హీటర్, మోటారు గానీ ఇన్వర్టర్ గానీ లేకుండా, వేడి నీరు పైకి తేలే గుణంతోనే చేసేస్తుంది. అయితే రాయలసీమలో వేసవి నెలల్లో కుళాయి తిప్పితేనే వేడి నీళ్లు వస్తాయి గనుక దీని అసలు ఉపయోగం చలికాలానికీ, వానాకాలపు ఉదయాలకీ పరిమితం. గాజు గొట్టాల రకంలో ఇంకో ఇబ్బంది కోతులు. ఒక్క గొట్టం పగిలినా ట్యాంకు మొత్తం ఖాళీ అవుతుంది కాబట్టి, కోతులు తిరిగే ఊళ్లలో పైన ఇనుప వల తప్పనిసరి.

గోబర్ గ్యాస్ గురించి పట్టణాల్లో చిన్నచూపు ఉంది గానీ, పెదనాన్నగారి ఇంట్లో చూసినవారెవరూ అలా మాట్లాడరు. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ, అంతే నీరు కావాలి. నాలుగైదు పశువులుంటే సరిపోతుంది. ఒక ఘనపు మీటరు గ్యాసు అర కిలోకు కాస్త తక్కువ వంటగ్యాసుతో సమానం కాబట్టి, ప్లాంటు నిండుగా పనిచేస్తే నెలకు రెండు సిలిండర్లకు దగ్గరగా వస్తుంది. పైగా గ్యాసు పోగా బయటికి వచ్చే పేడనీళ్లు (స్లర్రీ) పొలానికి మంచి ఎరువు. చలికాలంలో గ్యాసు తగ్గుతుంది, గ్యాసు నిలవ ఉండే ఇనుప డ్రమ్ము రకానికి తుప్పు పట్టకుండా రంగు వేయాల్సి ఉంటుంది. పేడ కలిపే మనిషి ఒక వారం లేకపోతే పొయ్యి మందగిస్తుంది. పశువులు అమ్మేసే ఆలోచన ఉన్న ఇంట్లో దీన్ని కట్టకూడదు.

ఇంటి గాలిమర మీద ఎక్కువ చెప్పవలసింది లేదు. గాలి వేగం సగమైతే అందే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఇళ్ల మధ్య గాలికి వేగమూ ఉండదు, స్థిరత్వమూ ఉండదు. రాయలసీమలోని రామగిరి కొండల వంటి చోట్ల ఎత్తైన పెద్ద మరలు నైరుతి రుతుపవనాల కాలంలో చక్కగా తిరుగుతాయి. ఆ పని అక్కడే జరగాలి.

తెలంగాణలోని పాఠకులు మాత్రం వేరే లెక్క వేసుకోవాలి. ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు బిల్లు లేని ఇంటికి పలకల వల్ల మిగిలేది ఏమీ ఉండదు. అయితే చలికాలంలో గీజర్ వల్లే ఆ హద్దు దాటి పూర్తి బిల్లు కడుతున్న ఇల్లయితే, ముందు కొనవలసింది సోలార్ వాటర్ హీటరే.