ఫారిన్ టూర్ ప్యాకేజీతో ‘ఏ నీళ్లయినా తాగొచ్చు’ బాటిల్ అంటగడుతున్నారు, డబ్బులు కట్టేముందు చదవండి

వియత్నాం, థాయ్‌లాండ్, బాలి టూర్లకి విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో డబ్బులు కట్టబోతున్నవాళ్లు, ప్యాకేజీ కాగితంలో ‘వాటర్ కిట్’ అనే లైను ఉందేమో ముందు చూసుకోండి. మా ఇంట్లో నలుగురికీ తలకి 1,800 రూపాయల చొప్పున ఆ లైను పడింది. చేతికొచ్చింది ఒక ఫిల్టర్ బాటిల్. ‘ఏ దేశమైనా, ఏ కుళాయైనా, పట్టుకుని తాగేయండి, కడుపుకి గ్యారంటీ నాది’ అని చెప్పి మరీ అమ్మారు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి అమ్మిన ట్రావెల్స్ ఆఫీసు పేరు ఇక్కడ రాయను. పేరుతో పెద్ద పని కూడా లేదు. అదే బాటిల్ వేరే స్టిక్కర్‌తో ఇంకో కౌంటర్ మీద కనబడొచ్చు.

అమ్మే పద్ధతి తెలిస్తే మీరు పడిపోరు. ముందు గ్లాసుడు నీళ్లలో రెండు చుక్కలు నీలం సిరా వేసి బాటిల్లో పోశారు. బాటిల్ నొక్కితే మూతిలోంచి తేట నీళ్లు వచ్చాయి. మా అత్తగారు ‘ఓలమ్మా’ అన్నారు. తర్వాత అక్కడి కుర్రాడు జేబులోంచి టీడీఎస్ మీటర్ తీశాడు. ఆఫీసులో ఉన్న వాటర్ టిన్ను నుంచి నీళ్లు పట్టి, బాటిల్ గుండా పంపి, అందులో మీటరు ముంచాడు. 62 అని చూపించింది. ‘చూసారా, వందలోపే. ఇంకేటి కావాలండీ బాబూ?’ అన్నాడు.

మన వైపు ఆ మీటరంటే ఉన్న నమ్మకం వాళ్లకి బాగా తెలుసు. ఉద్దానం కిడ్నీ జబ్బుని కళ్లారా చూసినవాళ్లం. కవిటి, సోంపేట, కంచిలి వైపు చుట్టరికం ఉన్న ఇంట్లో నీళ్ల మాట వస్తే టీడీఎస్ ఎంత అనే అడుగుతారు. ఆ భయం మీదే ఈ వ్యాపారం. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క. లీటరుకి 500 మిల్లీగ్రాముల వరకు ఫర్వాలేదని మన దేశపు ప్రమాణాల సంస్థ బీఐఎస్ లెక్క. మీటరు చేసేదల్లా నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతోందో చూసి ఒక అంకె చెప్పడమే. బ్యాక్టీరియా, వైరస్ దానికి కనబడవు. గ్లాసు మంచినీళ్లలో మురిక్కాలవ నీళ్లు ఒక చుక్క కలిపినా అంకె పెద్దగా కదలదు, తాగినవాడి పని మాత్రం అయిపోతుంది. పైగా ఆ రోజు కొలిచింది ప్లాంటులో ఆర్వో చేసి పంపిన టిన్ను నీళ్లు. బాటిల్ ఉన్నా లేకపోయినా అవి అంతే చూపిస్తాయి.

సిరా సంగతీ అంతే. యాక్టివేటెడ్ కార్బన్ అనే బొగ్గు రంగుని, వాసనని, క్లోరిన్‌ని పట్టుకుంటుంది. ఆ పని బాగానే చేస్తుంది. క్రిములు మాత్రం ఆ గింజల సందుల్లోంచి నీళ్లతో పాటే వచ్చేస్తాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. కుళాయి నీళ్లలో క్రిముల్ని చంపే క్లోరిన్ కాస్తో కూస్తో ఉంటే దాన్నీ ఈ బొగ్గు లాగేస్తుంది. రోజుల తరబడి తడిగా ఉండే ఆ గింజల్లోనే బ్యాక్టీరియా కాపురం పెడుతుంది.

వియత్నాం రాజధాని హనోయ్‌లో మా మావయ్యగారికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. హాలాంగ్ బే పడవ రోజు ఆయనా అత్తగారూ హోటల్ గదిలోనే ఉండిపోయారు. ఆ టికెట్ల డబ్బులు పోయాయి. ఫోన్ చేస్తే ట్రావెల్స్ ఆయన తడుముకోకుండా ‘రోడ్డు పక్క చెరుకు రసం తాగుంటారండి’ అన్నాడు. మావయ్యగారికి షుగర్. చెరుకు రసం వాసన కూడా చూడరు. ఆయన తాగింది బాత్రూమ్ కుళాయి దగ్గర నింపుకున్న ఆ బాటిల్ నీళ్లు, అంతే. బస్సులో సీల్డ్ బాటిళ్లు ఇస్తుంటే ‘డబ్బులు పోసి కొన్నాం కదా, వాడకపోతే ఎలా’ అని ఆయన పట్టింపు. చెరుకు రసం తాగిన మిగతా ముగ్గురం గుండ్రాయిల్లా తిరిగాం. విశేషం ఏమిటంటే, ఓఆర్ఎస్ పొడి కూడా ఆయన ముందు ఆ బాటిల్ నీళ్లలోనే కలపబోయారు!

ఇంటికొచ్చాక ఆ బాటిల్ లోపలి ఫిల్టర్ గొట్టాన్ని, అదే కార్ట్రిడ్జ్‌ని, హాక్సా బ్లేడుతో కోయించాను. పైన ఒక స్పాంజి ముక్క. దాని కింద గుప్పెడు కూడా లేని నల్లటి గింజలు, వాటి మధ్య నాలుగు తెల్లటి సిరామిక్ గోళీలు. అడుగున ఇంకో స్పాంజి. అంతే. క్రిముల్ని ఆపే ట్రావెల్ ఫిల్టర్లలో మామూలుగా సన్నటి తెల్ల గొట్టాలు సేమ్యా కట్టలా బిగించి ఉంటాయి. వాటి గోడలకి 0.1 లేదా 0.2 మైక్రాన్ల రంధ్రాలు ఉంటాయి కాబట్టి బ్యాక్టీరియా, విరేచనాలు తెచ్చే జియార్డియా అనే పరాన్నజీవి లాంటివి అక్కడ ఆగిపోతాయి. మా బాటిల్లో అలాంటి గొట్టం ఒక్కటీ లేదు.

ఆ గొట్టాలున్నంత మాత్రాన ఏ నీళ్లయినా తాగొచ్చనీ కాదు. నోరోవైరస్, కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ వైరస్ 0.03 మైక్రాన్లకి అటూ ఇటూగా ఉంటాయి, ఆ రంధ్రాల్లోంచి హాయిగా దూరిపోతాయి. అందుకే పెట్టె మీద ‘వైరస్’ అనే మాట విడిగా ఉందా అని చూడండి. ఎన్‌ఎస్‌ఎఫ్ అనేది అమెరికా ప్రమాణాల సంస్థ. ఎన్‌ఎస్‌ఎఫ్ పీ231 అని ఉంటే బ్యాక్టీరియాని 99.9999 శాతం, వైరస్‌లని 99.99 శాతం తీయాలనే ప్రమాణానికి పరీక్ష చేసినట్టు. ఎన్‌ఎస్‌ఎఫ్ 42 అని మాత్రమే ఉంటే అది రుచి, వాసన, క్లోరిన్‌కి సంబంధించింది, కడుపుకి కాదు. మా పెట్టె మీద ‘99.9% ప్యూర్’ అని ఉంది. దేనిలో 99.9 అంటే సమాధానం లేదు. మూతలో యూవీ లైటు ఉన్న బాటిళ్లు వేరే రకం. తేట నీళ్లకి పనికొస్తాయి, మడ్డి నీళ్లలో ఆ కాంతి లోపలికి పోదు.

నిజానికి మా హోటల్ గదిలోనే కెటిల్ ఉంది. నీళ్లు కుతకుతా మరిగాక ఒక నిమిషం ఉంచితే వైరస్‌లతో సహా క్రిములు చస్తాయి. 2,000 మీటర్లు దాటిన కొండ ఊళ్లలో అయితే మూడు నిమిషాలు. కెటిల్ తనంతట తానే ఆగిపోతే ఇంకోసారి నొక్కండి. చల్లారాక ఇంట్లోని స్టీలు సీసాలో పోసుకుంటే సరిపోతుంది. ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ దగ్గర మాత్రం సీసా ఖాళీ చేసి వెళ్లండి, 100 మిల్లీలీటర్లు దాటితే పోనివ్వరు. అన్నట్టు సింగపూర్, జపాన్‌లలో కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు. ఆ టూర్లకి కూడా ఈ కిట్ రాశారంటే మీరే అర్థం చేసుకోండి.

చెరుకు రసం మీద నింద పడింది కాబట్టి దాని గురించీ చెప్పాలి. వియత్నాంలో దాన్ని నుయొక్ మియా అంటారు. మనం నిమ్మకాయ, అల్లం వేసినట్టు వాళ్లు గడతో పాటు కుమ్‌క్వాట్ అనే చిన్న పుల్ల నారింజలు మిషన్లో పెట్టేస్తారు, రుచి అదిరిపోతుంది. భయపడాల్సింది రసం కంటే అందులో పడే ఐస్‌కి. ‘ఖోమ్ దా’ అంటే ఐస్ లేకుండా ఇస్తారు. మేం అలాగే తాగాం. మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి ఐస్ మామూలుగా ఫ్యాక్టరీ నుంచి వస్తుంది, కాస్త నయం. దిమ్మని పగలగొట్టి వేసేదాన్ని వదిలేయండి. భోజనంతో ఇచ్చే త్రా దా అంటే ఐస్ టీ, బదులుగా వేడి టీ అడగండి. కొబ్బరి బొండం గురించి ఉద్దానం వాళ్లకి నేను చెప్పేదేముంది, కళ్లముందు కొట్టించుకోండి. మందు అలవాటున్నవాళ్లు లేబుల్ లేని నాటు సారా, ఫ్రీగా పోసే షాట్లు ముట్టకండి. 2024 నవంబరులో లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసిన మందు వల్ల ఆరుగురు విదేశీ టూరిస్టులు చనిపోయారు. తాగిన మర్నాడు చూపు మసకబారితే హ్యాంగోవర్ అనుకోకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

ఓఆర్ఎస్ ఇక్కడే కొనుక్కెళ్లండి. లీటరు నీళ్లకి 20.5 గ్రాముల పొడి, డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ప్యాకెట్ మీద ఉండాలి. ఆ ఫార్ములా లేని తియ్యటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది, కాబట్టి షాపువాడు టెట్రా ప్యాకు చేతిలో పెడితే పొడే అడగండి. వియత్నాం మందుల షాపులో ‘ఒరెసాల్’ అంటే ఇస్తారు.

ఇక డబ్బుల సంగతి. ఆఫీసు వాళ్లు ఇచ్చింది ‘ఎస్టిమేట్’ అని ఉన్న తెల్ల కాగితం. జీఎస్టీ బిల్లు అడిగితే ‘కిట్ కాంప్లిమెంటరీ అండి’ అన్నారు. మరి 7,200 దేనికి కట్టించుకున్నట్టు? యూపీఐ రసీదు, ‘ఏ నీళ్లయినా తాగొచ్చు’ అని వాళ్లు వాట్సాప్‌లో పంపిన మెసేజ్ స్క్రీన్‌షాట్, కోసిన కార్ట్రిడ్జ్ ఫొటోలు పెట్టి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న చోటే కేసు వేయొచ్చు, గడువు రెండేళ్లు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఫిర్యాదు సంగతి తెలిశాక వాళ్లు ఇస్తామన్నది వచ్చే టూర్లో వెయ్యి రూపాయల డిస్కౌంట్. వద్దన్నాను.

సంక్రాంతి సెలవులకి బుక్ చేస్తున్నవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందే ఆ లైను కొట్టేయించండి. ఇప్పటికే కట్టేసి ఉంటే సీలు విప్పకుండా బాటిల్ వెనక్కిచ్చేయండి. వెనక్కి తీసుకోం అని వాళ్లు మొండికేస్తే, ఆ మాటే వాట్సాప్‌లో రాసి పంపమనండి.