బోరు నీళ్ళతో గుడ్డ డైపర్లు: ఇరవై నెలల తరువాత

నేను చెప్పగా మా బడిలో ఇద్దరు టీచర్లు గుడ్డ డైపర్లు కొన్నారు. వాళ్ళకు అప్పుడు చెప్పిన మాటల్లో సగం ఇప్పుడు వెనక్కి తీసుకోవలసి ఉంది. ఆ సగమంతా డైపర్ పై కవరు లోపల తడి పీల్చుకోవడానికి పెట్టే మెత్త గురించే, అదే ఇన్సర్టు. టిచ్ బటన్లు ఎన్ని వరుసలు, ఎన్ని కిలోల పిల్లల దాకా సరిపోతుంది వంటి సంగతులు అమ్మేవాళ్ళే కావలసినంత చెబుతారు కాబట్టి వాటి జోలికి వెళ్ళను.

మా పాప 2024 ఫిబ్రవరిలో పుట్టింది. మొదటి మూడు నెలలు అత్తమ్మ పాత నూలు చీరలు చింపి ఇచ్చిన గుడ్డలతోనే గడిచింది. మేలో ఎండలు ముదిరాయి. బయటికి వెళ్ళినప్పుడు వాడి పారేసే డైపర్ వేస్తే తొడల సందులు ఎర్రగా కందిపోతున్నాయి. అప్పుడు రెండు విడతలుగా పన్నెండు గుడ్డ డైపర్లు కొన్నాను, ఒక్కోటి నాలుగు వందల చిల్లర. రెండు నెలలపాటు నా సంబరం ఇంతా అంతా కాదు. నడుము దగ్గర పట్టు బాగుంది, ఉయ్యాలలో గుడ్డ తడవడం లేదు, కందడం తగ్గింది. ఇన్సర్టు ముదురు బూడిద రంగులో ఉండేది, దాని మీద 'వెదురు బొగ్గు' అని రాసి ఉండేది. బొగ్గు వాసనను పీల్చుకుంటుందని నేనే పదో తరగతి పిల్లలకు చెబుతాను కాబట్టి నమ్మేశాను. ఆ ఊపులోనే ఇద్దరికీ ఫోన్ చేసి కొనమన్నాను.

ఆగస్టులో, ప్రసూతి సెలవు ఇంకో వారంలో ముగుస్తుందనగా, మహబూబ్‌నగర్‌లో మా వారి మేనమామ ఇంట్లో పెళ్ళి. మా వారు ముందు రోజే వెళ్ళారు. నేను, అత్తమ్మ, పాప పొద్దున్నే బయలుదేరాము. నల్లగొండ నుంచి మల్లేపల్లి వెళ్ళి అక్కడ బస్సు మారితే కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా దారి. 2023 డిసెంబరులో ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయినప్పటి నుంచి శ్రావణమాసపు పెళ్ళిళ్ళ రోజుల్లో ఆ దారిలో కాలు పెట్టే చోటు ఉండదు. మల్లేపల్లిలో ఎలాగో కిటికీ పక్కన ఒక సీటు దొరికింది. పాప ఒడిలో, సంచి కాళ్ళ దగ్గర, పక్కన పెద్దావిడ, ఆమె మీదికి వంగి నిలబడ్డ మరో ఇద్దరు. పెళ్ళి కదా అని నేను అమ్మ పెట్టిన గద్వాల చీర కట్టుకున్నాను. ఆ తెలివి నాది, దానికి డైపరును తప్పు పట్టను.

బయలుదేరేముందే కొత్త ఇన్సర్టు పెట్టాను. మామూలుగా రెండు గంటలు ఆగుతుంది. కల్వకుర్తి ఇంకా రాకముందే నా తొడ మీద వెచ్చగా తగిలింది. ఎత్తి చూస్తే కవరు అంచు నుంచి ధార కడుతోంది. కారడం ఒక ఎత్తు అయితే దాని వెంట వచ్చిన వాసన ఇంకో ఎత్తు. మామూలు ఉచ్చ వాసన కాదు. కళ్ళు మండేంత ఘాటు, ప్రయోగశాలలో అమ్మోనియా సీసా మూత తీసినట్టు. ముందు సీటులోని అబ్బాయి కిటికీ అద్దం పూర్తిగా జరిపి తల బయట పెట్టేశాడు. బస్సులో నిలబడి మార్చే చోటు లేదు. జడ్చర్ల దాకా పాపను తువ్వాలులో చుట్టి పట్టుకున్నాను. పక్కన ఉన్న పెద్దావిడ చీర కొంగు కూడా తడిసింది. నేను ఏమనాలో తెలియక చూస్తుంటే, "పసిపిల్లల ఉచ్చకు అంటు లేదు బిడ్డా" అని కొంగు పిండుకుని మళ్ళీ భుజాన వేసుకుంది. అత్తమ్మ మాత్రం ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ కష్టమనిపించింది. గద్వాల చీర అంచు దగ్గర ఆ మరక ఇప్పటికీ ఉంది.

తిరిగి వచ్చాక ఒక రాత్రి కోపం ఆపుకోలేక బ్లేడుతో ఒక ఇన్సర్టు కుట్టు విప్పాను. పైనా కిందా ఒక్కొక్క పొర మాత్రమే ఆ బూడిద రంగు గుడ్డ. మధ్యలో ఉన్నదంతా తెల్లటి మైక్రోఫైబర్, కారు తుడిచే గుడ్డలో ఉండేదే. వెదురు పేరు చెప్పి నాకు అమ్మింది పాలియెస్టర్! మైక్రోఫైబర్ చెడ్డదని అనను. త్వరగా పీలుస్తుంది, త్వరగా ఆరుతుంది. అయితే నీటిని పోగుల మధ్య సందుల్లో పట్టి ఉంచుతుంది, స్పాంజి లాగా. నొక్కితే వదిలేస్తుంది. నూలు అలా కాదు, పోగే నీళ్ళు తాగుతుంది. ఉయ్యాలలో వెల్లకిలా పడుకున్న బిడ్డకు ఆగిన ఇన్సర్టు, ఒడిలో కూర్చోబెట్టి బస్సు కుదుపులకు నొక్కుకుపోయిన బిడ్డకు ఆగకపోవడంలో వింత లేదు. నేను మెచ్చుకున్నదంతా ఉయ్యాలలో మెచ్చుకున్నదే.

అయినా దానితో వాసన సంగతి తేలలేదు. ఉతికి ఆరేసినప్పుడు ఇన్సర్టుకు ఏ వాసనా ఉండదు. పాప మళ్ళీ తడపగానే గుప్పుమంటుంది. పైగా మూడు నెలల్లో అవి అప్పడాల్లా బిరుసెక్కాయి. డబ్బాలో వచ్చిన కాగితం మీద 'సబ్బుపొడి పావు చెంచా చాలు, ఎక్కువైతే గుడ్డ పీల్చడం మానేస్తుంది' అని ఉంది. నేను అక్షరాలా పాటించాను. ఆ కాగితం ఏ ఊరి నీళ్ళను మనసులో పెట్టుకుని రాశారో గానీ, మా బోరు నీళ్ళను మాత్రం కాదు. మా ఇంట్లో స్టీలు బిందె వారానికే తెల్లబడుతుంది, గీజరు కాయిలు విప్పితే గుల్లలు గుల్లలుగా సున్నం రాలుతుంది.

నల్లగొండ నీళ్ళంటే అందరూ ఫ్లోరైడ్ అనేస్తారు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా ఊరి పేరే పెట్టారు. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన 'నల్లగొండ టెక్నిక్' అది. కానీ గుడ్డను బిరుసెక్కించేది ఫ్లోరైడ్ కాదు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి నీటిలో కరగని తెట్టు అవుతాయి, అది పోగుల మధ్య పేరుకుంటుంది. సబ్బుపొడి బట్టల సబ్బంత తెట్టు కట్టదు గానీ దాని బలంలో కొంత ఈ లవణాలతో పోరాడటానికే ఖర్చయిపోతుంది. పావు చెంచాతో మురికి దాకా చేరేది ఏముంటుంది? మిగిలిన మురికిలో సూక్ష్మజీవులు బతికి, ఉచ్చలోని యూరియాను అమ్మోనియాగా మారుస్తాయి. ఇదంతా నేను ఏటా నల్లబల్ల మీద రాసే పాఠమే. నా సొంత బకెట్టు దగ్గరికి వచ్చేసరికి గుర్తుకు రావడానికి ఒక గద్వాల చీర ఖర్చయింది.

రెండు సీసాలు తీసుకుని ఒకదానిలో బోరు నీళ్ళు, ఇంకోదానిలో నల్లాలో వచ్చే కృష్ణా నీళ్ళు పోసి, ఒంటి సబ్బు చిన్న ముక్క వేసి ఊపాను. పిల్లల చేత చేయించే ప్రయోగమే. కృష్ణా నీళ్ళు సీసా మెడ దాకా నురగ కట్టాయి. బోరు నీళ్ళ మీద విరిగిన పాల లాగా తెల్లటి తునకలు తేలాయి. మరునాడు ఇన్సర్టులను కృష్ణా నీళ్ళలో జాడించడానికి బకెట్టు పెట్టాను.

అత్తమ్మ చూసింది. "అవి తాగే నీళ్ళు బిడ్డా" అంది. గొంతు పెంచలేదు.

ఆవిడ పుట్టిల్లు మర్రిగూడ వైపు. ఆవిడ పళ్ళ మీద గోధుమరంగు చారలు చిన్నప్పుడు తాగిన బావి నీళ్ళు వేసినవి. వాళ్ళ అన్న నలభై ఏళ్ళు దాటకముందే నడుము వంగి, మెడ తిప్పలేక, పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూసేవాడట. ఆవిడకు నల్లాలో కృష్ణా నీళ్ళు రావడం అన్నది ఇంకా పాతబడని సంగతి. ఇప్పటికీ బిందె నిండాక నల్లా కింద చేయి పెట్టి చివరి చుక్కలు పట్టి మొక్కలకు పోస్తుంది. ఆ నీళ్ళు రెండు బకెట్లు ముడ్డిగుడ్డలకు పోస్తానంటే ఆవిడతో వాదించే నోరు నాకు లేదు. ఆవిడ నిద్రపోయాక దొంగతనంగా రెండుసార్లు జాడించాను. సిగ్గు వేసి మానేశాను.

దారి దొరికింది ఏసీ గొట్టం దగ్గర. పెరట్లో నీళ్ళు కారి పాచి పడుతోందని, పాపను ఎత్తుకుని జారతానని, అత్తమ్మే గొట్టం కింద బకెట్టు పెట్టింది. గాలిలోని తేమ చల్లబడి కారే నీళ్ళు అవి. వాటిలో కాల్షియం ఎక్కడినుంచి వస్తుంది? అవి ఎవరూ తాగరు కూడా. ఒక ఆదివారం ఆ నీళ్ళు కాచి, గోరువెచ్చగా అయ్యాక, సబ్బు వేయకుండా ఉతికి ఆరిన నాలుగు ఇన్సర్టులు ముంచాను. పది నిమిషాల్లో నీళ్ళు బియ్యం కడిగినట్టు తెల్లబడ్డాయి. చేత్తో పిసికితే నురగ! ఒక్క పలుకు సబ్బు కూడా వేయని నీళ్ళలో నురగ. మూడు నెలల పావు చెంచాలన్నీ అక్కడే దాక్కుని ఉన్నాయి. అత్తమ్మను పిలిచి చూపించాను. ముక్కు దగ్గర కొంగు పెట్టుకుని, "ఇది నా మనవరాలి ఒంటికి వేశావా?" అంది. ఆ మాట పడాల్సిందే, పడ్డాను. నాలుగు నీళ్ళు మార్చాక నురగ ఆగింది. ఆ వారమంతా వాసన లేదు.

అప్పటి నుంచి ఇదే పద్ధతి. సబ్బుపొడి రెండు చెంచాలు, దానితో పాటు ఒక చెంచా బట్టల సోడా. ఉతకడం బోరు నీళ్ళతోనే, చివరి జాడింపు మాత్రం ఏసీ నీళ్ళతో. వానలు పడితే డాబా గొట్టం కింద డ్రమ్ము. ఇది ఏడాది పొడుగునా కుదరదని కూడా చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో ఏసీ రోజంతా వేసినా బకెట్టులో అడుగు తడిసేది. మా ఊరి వేసవి గాలిలో తేమే ఉండదు. జూన్ దాటితేగానీ బకెట్టు నిండదు. చలికాలంలో అసలు ఏసీయే వేయము. ఆ నెలల్లో పదిహేను రోజులకు ఒకసారి నిమ్మ ఉప్పు కొద్దిగా వేసిన నీళ్ళలో నానబెట్టి నెట్టుకొచ్చాను. బిరుసు తగ్గింది గానీ మెత్తదనం ఏసీ నీళ్ళతో వచ్చినంత రాలేదు.

కవరు గురించి ఇంతకుముందు మెచ్చుకున్నాను, దానికీ చిన్న సవరణ ఉంది. మొదటి వేసవిలో నాలుగు కవర్లను మిట్టమధ్యాహ్నం డాబా మీద ఆరేశాను. 45 డిగ్రీల ఎండకు లోపలి ప్లాస్టిక్ పొర అక్కడక్కడ బుడగలు లేచి ఊడింది, తొడ దగ్గర ఎలాస్టిక్ సాగిపోయింది. నీడలో ఆరేసిన ఎనిమిదీ ఇంకా బాగానే ఉన్నాయి. అంటే ఎండ మరకలకు మందు, కవరుకు శత్రువు. ఇంకొకటి, పొద్దున కొబ్బరినూనె మర్దన చేసి, సరిగ్గా తుడవకుండా డైపర్ వేస్తే ఒంటికి తగిలే పొర నూనె తాగి నీళ్ళను లోపలికి పోనివ్వదు. మా పాపకు మర్దన రోజూ ఉండేది. స్నానం ముగిశాకే వేయడం అలవాటు చేసుకున్నాను.

ఇన్సర్టుల స్థానంలోకి చివరికి అత్తమ్మ చీరగుడ్డలే వచ్చాయి. రెండుసార్లు అడ్డంగా, మూడుసార్లు నిలువుగా మడిచి అదే కవరులో పెడితే పగటిపూట బాగా ఆగుతుంది, విప్పి ఆరేస్తే గంటలో ఆరుతుంది. బస్సులోనూ ఆగింది, ఈసారి మామూలు చీర కట్టుకుని పరీక్షించాను. అలా అని పాత పద్ధతే గొప్ప అనడానికి లేదు. రాత్రి ఒక్క మడత చాలదు, రెండు పెడితే పాప కాళ్ళు ఎడంగా పెట్టి బాతులా నడిచేది. అందుకే రాత్రికి వాడి పారేసేదే ఒకటి వేశాను, ఇప్పటికీ వేస్తున్నాను. మరోవైపు, "ఈ బటన్ల సంచి మా కాలంలో ఉంటే ఎంత బాగుండేది" అని అత్తమ్మ కవరు గురించి ఎదురింటావిడకు చెప్పడం నా చెవిన పడింది.

డబ్బు మిగిలిందా అంటే కొద్దిగా మిగిలింది, లెక్క కాగితం మీద పెట్టలేదు. ఇంట్లో పెరడు, డాబా, ఏసీ, పొద్దున నేను బడికి పోతే ఉతికిన గుడ్డలు ఆరేసే అత్తమ్మ ఉన్నారు కాబట్టి మాకు నడిచింది. నల్లగొండలోనే మూడో అంతస్తులో అద్దెకు ఉండి, బోరు నీళ్ళు తప్ప మరొకటి లేకుండా, ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇల్లయితే కొనమని ఇప్పుడు చెప్పను. కొనేవాళ్ళు ఇన్సర్టు మాత్రం నూలుదో, లోపల కూడా వెదురు నూలేనని నిక్కచ్చిగా రాసినదో చూసి విడిగా కొనుక్కోండి. కొత్తవి అయిదారుసార్లు ఉతికితే గానీ పూర్తిగా పీల్చవు, మొదటి రోజే తిట్టుకోకండి.

పాప ఇప్పుడు పగలు చెబుతోంది, డైపర్ల పని అయిపోవచ్చింది. మంచిగా మిగిలిన ఎనిమిది కవర్లు నెలలు నిండుతున్న మా ఆడపడుచుకు పంపుతున్నాను, చీరగుడ్డలు ఆవిడకు అక్కడే దొరుకుతాయి. ఆ వెదురు బొగ్గు ఇన్సర్టులు మాత్రం పంపడం లేదు. మా వారు వాటితో బండి తుడుస్తున్నారు. ఆ పనికి వాటికి వంక పెట్టలేము.